శిలాజాల బాటలో మా సాలగ్రామం

ఇవాళ ఎడారి గుట్టల్లో, శిలాజాలు చూపించే చిన్న కాలిబాట మీద నన్ను దొంగనుకున్నారు. మోటెల్‌కి వచ్చినా మనసు కుదుటపడక మన తెలుగు సంఘం పత్రికకి రాస్తున్నాను.

మా ఇంటి సాలగ్రామానికి రోజూ నీళ్లు పోయాలి కనుక ప్రయాణాల్లోనూ వెంట తెస్తాం. కాలిపోతున్న కారులో దేవుణ్ణి వదల్లేక మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. మధ్యాహ్నం, శిలాజాల వివరాలు రాసిన ఓ బోర్డు నీడన నేను సాలగ్రామాన్ని అరచేతిలో ఉంచుకుని, ఫ్లాస్క్‌లోంచి నీళ్లు పోస్తుంటే అక్కడ కాపలా తిరిగే రేంజర్ వచ్చాడు. బోర్డు మీది బొమ్మలోని చుట్లు తిరిగిన రాతిగవ్వా, నా చేతిలోదీ అచ్చం ఒకేలా ఉన్నాయి.

"సార్, ఇక్కడ దొరికినవి ఇక్కడే వదిలెయ్యాలి," అన్నాడు. ఇంటి నుంచి తెచ్చానంటే నమ్మలేదు. ఇదెక్కడిదని పన్నెండేళ్ల మా అమ్మాయి రమ్యని అడిగాడు.

"ఐ డోంట్ నో," అంది రమ్య తల దించుకుని.

చివరికి మా ఆవిడ సాలగ్రామం ఉంచే వెండి భరిణె తెరిచి, ఎండిన తులసి, గంధం మరకలు చూపిస్తే క్షమాపణ చెప్పి వెళ్లాడు.

కారెక్కగానే విరుచుకుపడ్డాను. "రోజూ చూస్తావుగా, మనదని చెప్పలేవా?"

"మనదే, ఐ నో. ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడిగాడు నాన్నా. నువ్వు ఎప్పుడూ చెప్పలేదు."

చెబుదామని నోరు తెరిచాను. గండకీ నదిలో దొరుకుతుందని తెలుసు. మా నాన్న నాకిచ్చారు, ఆయనకి మా తాత ఇచ్చారు. అంతకు ముందు ఎవరు, ఎందుకు తెచ్చారో నాకూ తెలీదు. ఆ బోర్డు మాత్రం తన మీది గవ్వ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పింది.

మీ పిల్లలడిగితే మీరేం చెబుతారో రాయండి. రమ్య ఇంకా నా వంకే చూస్తోంది.