కోల్డ్ స్టోరేజీలో మా సెలవులు

మా ఆయనది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం కాచుకోవడం ఆయనకు అలవాటు. డబ్బు కడితే రిసార్టుల్లో గదుల కోసం హాలిడే క్లబ్బు ఇచ్చే పాయింట్లనూ అలాగే దాచాడు. నేను ఊటీ అన్నప్పుడల్లా "జర ఆగు, ఇంకొన్ని జమ కానియ్యి" అనేవాడు.

చివరికి పాయింట్ల గడువు వారంలో ముగుస్తుందని క్లబ్బు నుంచి మెసేజ్ వచ్చింది. అప్పటికి ధర్మసాగర్ చెరువు పక్క రిసార్టులో తప్ప ఎక్కడా గదులు లేవు. ఊటీకని కొన్న స్వెట్టర్లన్నీ మండువేసవిలో కోపంకొద్దీ సర్దాను. ముప్పావుగంటలో చేరాం.

"ఎక్కడి నుంచి వచ్చిన్రు సార్?" అని కౌంటర్లోని అమ్మాయి అడిగింది.

"వరంగల్" అన్నాడు మా ఆయన, ఎంతో దూరం ప్రయాణం చేసినట్టు నడుం పట్టుకుని.

"నాదీ వరంగలే సార్. రోజూ స్కూటీ మీద వస్త."

మా ఆయన ఆమెను అసూయగా చూశాడు.

"రోజూనా! నీకెన్ని పాయింట్లున్నయి బిడ్డా?"