ముందు పెట్టిన ఫ్లాపీ

పాతికేళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట. పలకడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. ముందే చెబుతున్నాను, నన్ను ఓదార్చడానికి చూడకు. "అప్పుడు చిన్నదానివి, పోనీలే" అనే రకం మనుషులంటే నాకు ఒళ్ళుమంట. చిన్నదాన్నేమీ కాదు, ఇరవై ఆరేళ్ళు నాకు. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. నీ జాలి నీ దగ్గరే పెట్టుకుని చివరిదాకా విను, చాలు.

తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో ఐదు కంప్యూటర్ల సెంటర్ ఉండేది. నడిపే ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. వారమంతా అక్కడ పిల్లలకు పాఠాలు. ఆదివారం పొద్దున మాత్రం గది మాది. మేమంటే వెబ్ పేజీల పిచ్చి పట్టిన ఎనిమిది మంది. కోర్టులో టైపిస్టు, పాలిటెక్నిక్ లెక్చరర్, ఇద్దరు ముగ్గురు ఉద్యోగం లేని డిగ్రీ వాళ్ళు, వాళ్ళందరిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఊళ్ళో ఇంటర్నెట్ అంటే ఎవరో చెబితే వినడమే. అయినా పేజీలు రాసి, ఫ్లాపీల్లో తెచ్చి, ఒకరివి ఒకరం చూసుకునేవాళ్ళం. తెర మీద అక్షరాలు పక్కకు పాకితే చప్పట్లు కొట్టేవాళ్ళం. నవ్వొస్తే నవ్వు. నా బతుకులో అంత సంతోషంగా ఉన్న ఆదివారాలు మళ్ళీ లేవు.

సార్ పెట్టిన నియమం ఒకటుండేది. చెప్పులు గుమ్మం బయట, ఫ్లాపీలు గుమ్మం లోపలున్న స్టీలు డబ్బాలో. ఆయనే ఒక్కొక్క ఫ్లాపీ తీసి, మూలనున్న పాత మిషన్‌లో వైరస్ ఉందో లేదో చూసేవారు. చూశాకే దాన్ని పెద్ద మిషన్‌లో పెట్టాలి. పెద్ద మిషన్ అంటే సార్ సొంతది. ఆయన పాఠాలు, పరీక్ష పేపర్లు, రెండేళ్ళ పని మొత్తం అందులోనే.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మా ఊళ్ళో టైపు పరీక్ష పాసైన మొదటి ఆడపిల్లను నేను. మా బాపు కనబడ్డ వాడికల్లా "నా బిడ్డ కంప్యూటర్ల ఉన్నది" అని చెప్పుకునేవాడు. ఆ మాట నిలబెట్టుకోవాలని నెలకు రెండుసార్లు రైలెక్కి హైదరాబాద్ పోయి, కోఠిలో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదొస్తే అది తెచ్చేదాన్ని. మనం బొమ్మ గీసినట్టు గీస్తే పేజీని తనే రాసిపెట్టే రకాలు అవి. ఒక్కటీ పూర్తిగా నేర్చుకోలేదు. నేర్చుకునేలోపే ఇంకోటి తెచ్చేదాన్ని. నాకు కావలసింది నేర్చుకోవడమా, అందరికంటే ముందు తెచ్చానని అనిపించుకోవడమా? ఆ రోజుల్లో ఈ ప్రశ్న నన్నెవరైనా అడిగి ఉంటే వాళ్ళ మొహం చూసేదాన్ని కాదు.

అప్పుడొచ్చింది రహీమా. ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న పిల్ల. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేస్తారు. అందరం చాచా అనేవాళ్ళం. ఆయనే వెంట తెచ్చి, కింద బట్టల దుకాణం అరుగు మీద కూర్చుని, అయ్యాక తీసుకుపోయేవారు. మొదటిరోజు మెట్లెక్కి వచ్చి గదంతా చూసి, నా దగ్గర ఆగారు. "నువ్వున్నవనే పంపుతున్న బిడ్డా. జర చూసుకో. ఒక్క మాట పడ్డదంటే మాత్రం మల్ల రానియ్య." నేను తలూపాను. ఫికర్ చేయొద్దని కూడా అన్నాను.

ఆ పిల్ల దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ లేదు. నోట్‌బుక్కులో పెన్సిల్‌తో పేజీ మొత్తం రాసుకొచ్చి, ఇక్కడ టైపు చేసేది. నాలుగో ఆదివారం నేను గొప్పగా తయారుచేసిన పేజీని తెరిచి చూసి, "అక్కా, మీ సాఫ్ట్‌వేర్ చెత్త మస్తు రాస్తాంది. గీ లైన్లన్నీ తీసేసినా పేజీ నడుస్తది" అంది. తీసి చూపించింది. నడిచింది. అందరూ నవ్వారు. అందులో వెటకారం లేదని ఇప్పుడు తెలుసు, అప్పుడు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజునుంచి దాని ముఖం చూస్తేనే నాకు గిట్టేది కాదు. అక్కా అని పిలిస్తే చెంప పగలగొట్టాలనిపించేది. పైకి మాత్రం నవ్వేదాన్ని, దాని చేతిలో బిస్కెట్లు పెట్టేదాన్ని. అసూయ అని దీనికొక మర్యాదైన పేరుంది. నేనైతే కుళ్ళు అంటాను.

తర్వాత సార్ ఒక మాట చెప్పారు. వచ్చే నెలనుంచి ఆడపిల్లలకు వెబ్ పేజీల క్లాసు పెడుతున్నాననీ, పాఠం రహీమా చెబుతుందనీ. చాచా ఒప్పుకున్నారట. ఆ క్లాసు నాకే వస్తుందని మా బాపుతో అప్పటికే చెప్పేసి ఉన్నాను.

ఆ వచ్చిన ఆదివారం, అందరికంటే ముందు పోయాను. కోఠి నుంచి తెచ్చిన కొత్త సరుకు ఒకటి పెద్ద మిషన్‌లో ఎక్కించి సిద్ధంగా ఉంచితే, అందరూ వచ్చేసరికి నా మాటే నడుస్తుందని ఆశ. సార్ చాయ్‌కి కిందికి పోయారు. గదిలో నా వెనకే వచ్చిన రహీమా ఒక్కతే ఉంది. నా ఫ్లాపీ నేరుగా పెద్ద మిషన్‌లో పెట్టాను.

"అక్కా, డబ్బల ఎయ్యలే?"

"హైదరాబాద్‌ల చూసిండ్రులే. నీకెందుకు?"

అక్కడ ఎవరూ చూడలేదు. చూడమని నేను అడగలేదు కూడా. అది ఎక్కగానే నా ఫ్లాపీ తీసి సంచిలో వేసుకున్నాను. తర్వాత రహీమా తన పాఠాల ఫ్లాపీ పెట్టింది. దాన్ని సార్ చాయ్‌కి పోకముందే చూసి ఇచ్చారు. కాసేపటికి మిషన్ బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే లేవలేదు. ఆ పేజీ లేదు, ఈ పాఠం లేదు, అంతా తుడిచిపెట్టుకుపోయింది.

అందరూ వచ్చేసరికి సార్ తల పట్టుకుని కూర్చున్నారు. రహీమా ఫ్లాపీని పాత మిషన్‌లో చూస్తే వైరస్ ఉంది. పెద్ద మిషన్ నుంచే దానికి అంటిందని నాకు తెలుసు. సార్‌కూ ఆ అనుమానం వచ్చింది. "దీనికి ముందు ఇంకేమన్న పెట్టిండ్రా?" అని అడిగారు. రహీమా నావైపు చూసి, "అక్క తనది పెట్టింది సార్" అంది. ఇంతలో గొడవ విని చాచా పైకి వచ్చారు. సంగతి విన్నారు. కూతుర్ని ఏమీ అడగలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చారు.

"బిడ్డా, నువ్వు చెప్పు. నువ్వు దీనికి అక్క లెక్క. నువ్వేదంటే గదే నమ్ముత. ముందు ఎవరిది పెట్టిండ్రు?"

"రహీమాదే, చాచా. నేను ఇయ్యాల ఫ్లాపీనే తేలే."

ఫ్లాపీ నా సంచిలో ఉంది. సంచి నా ఒళ్ళో ఉంది. ఎవరైనా అడిగి చూస్తే దొరికిపోయేదాన్ని. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఒక్కరూ అడగలేదు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడికీ నా సంచి చూద్దామని తోచలేదు, వాళ్ళమీద కూడా నాకు కోపమే. నేను ఎప్పటినుంచో ఉన్నదాన్ని, అది నిన్నగాక మొన్న వచ్చింది. అంతే లెక్క. పొద్దున తన చూపే తప్పిందేమోనని సార్ కూడా నా మాటే నమ్మారు. రహీమా ఏడవలేదు. నోరు తెరిచి ఏదో అనబోయింది. చాచా "నడువ్ బేటీ" అన్నారు. గుమ్మం దగ్గర ఆయనే వంగి దాని చెప్పులు తీసి ముందు పెట్టారు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కనివ్వలేదు.

ఆ క్లాసు నాకొచ్చింది. దేనితో చెప్పానో తెలుసా? బల్లమీద రహీమా వదిలిపోయిన నోట్‌బుక్కుతో. అందులో ప్రతి లైను పక్కనా తెలుగులో వివరం రాసుకుంది. "మేడమ్ మస్తు చెప్తది" అని పిల్లలు మెచ్చుకుంటే, సిగ్గు లేకుండా మురిసిపోయాను. ఎందుకు తిరిగివ్వలేదు? ఇవ్వడానికి పోతే చాచా ఎదురుపడతారు గదా.

రెండేళ్ళకు బస్టాండులో అదే పలకరించింది. నేను చూడనట్టు పోబోయాను.

"అక్కా, బాగున్నవా? ఇంట్లనే చీరలకు ఫాల్స్ కుడుతున్న." నా పక్కకు జరిగింది. "మా అబ్బా పోయిండక్కా, రంజాన్ ముందు. మంచంల పడ్డంక రోజూ గదే మాట. 'బేటీ, ఇప్పుడన్న నిజం చెప్పు, నేనేమన' అనెటోడు. నిజమే చెప్పిననని ఎన్నిసార్లు చెప్పాలె? నువ్వు ఒక్కపాలి ఇంటికొచ్చి చెప్తే అయిపోతుండె. క్లాసు పోతే పాయె. ఆయన నమ్మెటోడు."

తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకు బాగా చేతనయినది అదే. "బస్సొచ్చింది" అని ఎక్కేశాను. నా బస్సు కాదది. జడ్చర్ల దాకా పోయి దిగి, మళ్ళీ వెనక్కి వచ్చాను.

ఇప్పుడు రహీమా ఎక్కడుందో కనుక్కోవడం అంత కష్టమా? కాదు. పోయి చెప్పే ధైర్యం లేక, నన్ను ఎరగని నీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. ఇంత రాశాక గుండెల మీద బరువు కొంత దిగింది, అబద్ధమెందుకు. అలా దిగినందుకూ నామీద నాకు అసహ్యంగానే ఉంది. అయినా ఆయన అడిగిన దానికి జవాబు ఒక్కసారైనా నా చేత్తో రాయాలి.

చాచా, ముందు పెట్టింది నేను. మీ బిడ్డ మీతో నిజమే చెప్పింది.