చివరి నుంచి మూడో లైను

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర, విద్య అంటే దాచుకోవాల్సిందేనని నాకు గట్టి నమ్మకం. అది మా మేనత్త దగ్గర అబ్బింది. లింగాల ఘనపూర్‌లో ఆమె పెట్టే మామిడికాయ తొక్కుకు పెద్ద పేరు. ఎట్లా పెడతావని ఎవరడిగినా నవ్వుతూ అన్నీ చెప్పేది, ఒక్క దినుసు మాత్రం మింగేసేది. వాళ్ళకు రుచి కుదిరేది కాదు, మళ్ళీ గిన్నె పట్టుకుని మా మేనత్త ఇంటికే వచ్చేవాళ్ళు. ఇంత తెలివిగల మనిషి తాలూకాలోనే లేదని నేను మురిసిపోయేవాడిని.

ఇరవై రెండేళ్ళకు నాకు భూపాలపల్లిలో, చెరువుల కొలతల ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పట్నం ఆఫీసు వాడి వాడి వదిలేసిన మూడు పాత కంప్యూటర్లు మాకూ, జనగామకూ, మానుకోటకూ వచ్చాయి. (మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం.) పటాలు గీయడానికే పుట్టిన యంత్రాలవి, కానీ తెర మీద గీత పడేట్టు చేసే ప్రోగ్రాం మాత్రం వాటితో రాలేదు. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా సీనియర్ ఏడాది పాటు కుస్తీ పట్టి ఆ ప్రోగ్రాంను సొంతంగా రాశాడు. అప్పటి నుంచి అందరికీ ఆయన గీతలన్న. మొదటి గీత పడ్డ రోజు ఆఫీసంతటికీ మిర్చీలు తెప్పించి, తాను మాత్రం తినకుండా ఆ గీతనే చూస్తూ కూర్చున్నాడు.

"మిగిలిన రెండు ఆఫీసులకు గూడ పంపుదాం తమ్మీ. నేను సదువుత, నువ్వు రాయి," అన్నాడు.

"మొత్తం ఇచ్చేస్తే ఇగ మనల్ని ఎవరు అడుగుతరన్నా?"

"ఎవ్వరు అడగొద్దనే గద ఇచ్చేది!"

ఆయన పదకొండు పేజీలు చదివాడు. నేను రెండు ప్రతులూ రాశాను, ఒక్క లైను తప్ప. మేనత్త గుర్తొచ్చింది మరి! చివరి నుంచి మూడో లైను అది. ఆ తెర పై నుంచి కిందికి లెక్కపెడుతుంది, మన పటానికి లెక్క కింది నుంచి పైకి. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది ఆ లైనే. అది లేకపోతే బొమ్మ తలకిందులవుతుంది, వాళ్ళు పరేషానై నన్ను పిలుస్తారు. అనుకున్నట్టే జనగామ వాళ్ళు పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, అందర్నీ గది బయటికి పంపి, ఆ ఒక్క లైనూ టైపు కొట్టి, నుదుటి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాను. (చెమట పట్టలేదు, అయినా తుడుచుకున్నాను.) "ఇంజినీర్ సాబ్" అని బిర్యానీ పెట్టించారు. మానుకోట నుంచి మాత్రం ఎంతకీ పిలుపు రాలేదు.

నాలుగు నెలలకు గీతలన్నకు కామెర్లు ముదిరాయి. దవాఖాన వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాళ్ళ ఊరు కాటారంలో ఆయన మంచం పక్కన నేను కూర్చుని ఉండగా, మానుకోటలో కంప్యూటర్ నడిపే అక్క జామపండ్లు పట్టుకుని చూడటానికి వచ్చింది.

"మీ పుణ్యాన పని మంచిగ నడుస్తుందన్నా. బొమ్మ ఉల్టా వస్తది, గంతే. తెర ముంగట బల్ల మీద అద్దం పండవెట్టిన. వంగి అండ్ల చూస్తె సక్కగ కనవడ్తది. ఆఫీసుల అందరు నేను బొట్టు దిద్దుకుంటున్న అనుకుంటున్నరు!"

నాకు నవ్వు ఆగలేదు. గీతలన్న నవ్వలేదు. తన నోట్‌బుక్ అడిగి తీసుకుని, పచ్చబడ్డ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పాడు. చివరి పేజీలో ఆయన వేలు ఆగింది.

"ఇండ్ల ఉన్నది. సదువుతుంటె నేనే దాటేసిన గావచ్చు. నాలుగు నెలలు నీ మెడ నొప్పి వెట్టిచ్చిన గదనె బిడ్డా. ఏమనుకోకు."

"అయ్యో, గదేం మాటన్నా!" అంది అక్క.

అప్పుడే చెప్పాల్సింది. అక్క వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఆమె వెళ్ళాక, అన్న కాస్త కోలుకోనీ అనుకున్నాను. ఆయనేమో నా చేయి పట్టుకుని, "ఇంకేమన్న దాటేసిన్నేమో, ఒక్కసారి మొత్తం సూడు తమ్మీ," అన్నాడు. చూస్తానన్నాను. ఐదో రోజున పోయాడు. తప్పు తనదే అనుకుంటూ పోయాడు. ఆ రోజు ఏడ్చినట్టు నేను మా నాయిన పోయినప్పుడు కూడా ఏడవలేదు.

దినకర్మలయ్యాక ఒక కార్డు మీద ఆ లైను రాసి, కింద "ఇది అన్న మరిచింది కాదు, నేను దాచింది" అని చేర్చి మానుకోటకు పంపాను. జనగామకు బిర్యానీ సంగతి ఒప్పుకుంటూ ఇంకోటి. జనగామ వాళ్ళు జవాబివ్వలేదు. అక్క రాసింది: "బొమ్మ సక్కగ నిలవడ్డది. అద్దం ఇంటికి తీస్కపోయిన. గీ సంగతి అన్నకు చెప్పినవా?"



ఇప్పుడు ఎవరేమడిగినా, అడిగిందీ అడగనిదీ కలిపి చెప్పేస్తాను. మేనత్త దాచిన దినుసు కూడా (వేయించి దంచిన మెంతులు) వీధి వీధికీ చెప్పేశాను. ఒకే మాట మూడుసార్లు చెబుతానని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆ ఇస్త్రీ చొక్కా ఇంజినీర్ సాబ్, లేని చెమట తుడుచుకుంటూ, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ వెంటనే "ఏమనుకోకు" అన్న గీతలన్న గొంతు వినిపిస్తుంది. ఆ మాట ఆ రోజు నేను ఆయనతో అనాల్సింది.