సుగుణ షేడ్ సీసాలో నేను కలిపింది

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. అన్నం తింటున్నప్పుడు గుర్తొస్తే ముద్ద దిగదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇది ధైర్యమా, ఇంకో రకం పిరికితనమా? నాకే తేలడం లేదు.

భద్రాచలంలో ఒక మేడ మీద, కిరాయి గదుల్లో మా పని. బల్ల మీద యుద్ధాల ఆట ఆడేవాళ్లు విదేశాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల సైనికులు బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు. రంగుల్లేకుండా మా దగ్గరికి వస్తాయి, మేం రంగులేసి పంపుతాం. అందులో షేడింగ్ నాది. నీళ్లలా పలచగా కలిపిన ముదురు గోధుమరంగును బొమ్మంతా పూస్తే, అది బట్టల మడతల్లోకి, కళ్ల కింది గుంటల్లోకి జారి నీడలా నిలుస్తుంది. ఆ రంగునే మేం షేడ్ అంటాం. ఆరకముందే ఎత్తుగా ఉన్నచోట దూదిపుల్లతో తుడిచేయాలి. అంతే. గంటల తరబడి సన్న కుంచెతో దిద్దే పని క్షణాల్లో అయిపోతుంది.

ఆమెను సుగుణ అంటాను. అసలు పేరు అది కాదు. పినపాక దగ్గరి పల్లె నుంచి పనికి వచ్చేది. షేడింగ్ నేర్పింది నేనే. అక్కా అక్కా అంటూ నా పక్కనే కూర్చునేది. కొన్ని నెలలకే నన్ను దాటిపోయింది. నేను ఒక్క రంగుతో సరిపెట్టేదాన్ని. ఆమె ముఖాలకు ఎర్రమట్టి రంగు, కవచాలకు నలుపు వేర్వేరుగా కలుపుకునేది, అయినా నాకంటే ముందే ముగించేది. ఆమె తుడిచిన సైనికుడి ముఖంలో అలసట కనిపించేది. ఎంత ప్రయత్నించినా అది నా చేతికి రాలేదు.

ఒకరోజు మా ఓనర్ అందరి ముందూ, ఇకమీదట షేడింగ్ సుగుణ చూసుకుంటుందని, నేను అడుగురంగులు వేస్తే చాలని అన్నాడు. సుగుణ ఇబ్బందిగా నావైపు చూసింది. నేను నవ్వాను. మంచిదే కదా అన్నాను. ఆ రోజంతా నాకు చెవులు మండుతూనే ఉన్నాయి.

తర్వాత ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. సుగుణ ముఖాలకు పూసే షేడ్ కలిపి, సీసాకు మూతపెట్టి, అందరితోపాటు భోజనానికి వెళ్లింది. గదిలో నేనొక్కదాన్నే. మరకలు వదిలించే థిన్నర్ డబ్బా కిటికీలో ఉంది. తీసి ఆమె సీసాలో పోశాను. ఆ గదిలో ఎప్పుడూ ఆ వాసనే, ఎవరికీ అనుమానం రాదని కూడా తెలుసు. మూత బిగించి బాగా ఊపాను. ఏదో కోపంలో చేసేశానని చెప్పుకోవడానికి ఆ ఊపడమే అడ్డొస్తుంది. కలవాలనే కదా ఊపాను?

సుగుణ ఎప్పటిలాగే వరసగా పూసుకుంటూ పోయింది. తుడవడం మొదలుపెట్టగానే దూదితోపాటు అడుగురంగూ ఊడొచ్చింది. కళ్లూ పెదవులూ చెరిగి ముఖాలన్నీ ముద్దలయ్యాయి. ఇదేంది, ఇదేంది అని గొణుగుతూ ఒక్కో బొమ్మనూ తీసి చూసుకుంది. నేను తలెత్తలేదు. రంగు కలపడం కూడా చేతకాలేదని ఓనర్ ఆమెను పని మాన్పించాడు. షేడింగ్ మళ్లీ నాకొచ్చింది. ఇప్పటికీ నాదే.

మొన్నటి వానల్లో బస్టాండులో కనిపించింది. తానే పలకరించింది.

"మంచిగున్నవా అక్కా?"

"ఉన్న. నువ్వు? రంగులేస్తున్నవా ఎక్కడన్న?"

"లేదక్కా. ఆ దినం సంది బ్రష్షు ముట్టలే. నేనేం తప్పు చేసిన్నో ఇప్పటికీ సమజ్ కాలే. నా చెయ్యే మంచిది కాదేమో అనుకున్న. చర్చిల నా చేతుల కోసం ప్రార్థన గూడ చేయించుకున్న."

నేను బస్సు వచ్చే దారివైపు చూశాను. ఆమే మళ్లీ అంది.

"నా బిడ్డ మస్తు బొమ్మలు గీస్తదక్కా. నేనే వద్దంటున్న. నా చెయ్యే దానికి వచ్చిందేమో. రేపు నా లెక్క ఏడ్వొద్దు గదా."

"గట్ల అనకు సుగుణా."

అంతే అన్నాను. పినపాక బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఒక మనిషి పని పోగొట్టాను, ఆమె ఇంకో పని చూసుకుని ఉంటుంది అని ఇన్నాళ్లూ నన్ను నేను ఓదార్చుకున్నాను. నేను పోగొట్టింది పని కాదు. తన చేతుల మీద ఆమెకున్న నమ్మకం. ఇప్పుడు ఎన్నడూ చూడని ఆ పిల్ల చేతిలోంచి కూడా పెన్సిల్ లాగేస్తున్నాను. ఒక్క మాట చెబితే ఆగిపోతుంది. ఎందుకు చెప్పలేను? ఆమె ఏడుస్తుందనా, అక్కా అని పిలవడం మానేస్తుందనా? చెబుదామనే ఒకరోజు పినపాక బస్సు ఎక్కాను. టికెట్ అడిగేలోపే దిగిపోయాను.

మిమ్మల్ని క్షమించమనడం లేదు. అది మీ చేతిలో లేదు. ఇది ఆమెకు చేరదని, చేరాలంటే నా నోటితోనే చెప్పాలని కూడా తెలుసు. అయినా రాస్తున్నాను. ఆ బొమ్మలు పాడుచేసింది నేను. సుగుణ చేతిలో ఏ లోపమూ లేదు.

రాశాక చదువుకుంటే ఇంత చిన్న మాట.  ఊపిరి కొంచెం ఆడుతోంది.