మడ అడవిలో వేసిన ఒట్టు

నా చిన్నప్పుడు నాకు కుళ్లు ఎక్కువ. ఇప్పుడేదో తగ్గిందని కాదు, అప్పట్లో దాచుకోవడం తెలిసేది కాదు. మాది దివిసీమలో సముద్రం ఒడ్డున ఉన్న వేటపల్లె. వేసవి సెలవులకి బందరు నుంచి మా పిన్ని కూతురు దిగిందంటే చాలు, మా తాతయ్య కంటికి నేను ఆనేదాన్ని కాదు.

ఒక ఏడు దాన్నొక్కదాన్నే పడవెక్కించుకుని మడ అడవికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక అది నోరు విప్పదే! ఏం చూశావని ఎంత బతిమాలినా ముసిముసి నవ్వులే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఉప్పుగాలిలో పుట్టి పెరిగిందాన్ని నేనైతే, అడవి చూసే యోగం దానికా? ఆ పూట అన్నం ముట్టలేదు.

అది బందరు వెళ్లిపోయాక తాతయ్య నన్నూ తీసుకెళ్లాడు. పాయలోకి పోయి మడ వేళ్ల పక్కన పడవ ఆపాడు. ఎదురుగా బురదగట్టు మీద మచ్చల బావురుపిల్లి, దాని వెనక కూనలు. తల్లి నీళ్లలోకి పంజా విసిరి చేపను లాగింది.

అది సర్కారు అడవే, గార్డు కూడా ఉండేవాడు. అయినా వలలు చింపుతుందన్న కోపంతో మావాళ్లు బావురుపిల్లి కనిపిస్తే కొట్టి చంపేవారు. చోటు తెలిస్తే కూనల్నీ వదలరు. అందుకే తాతయ్య నాచేత వల ముట్టించి ఒట్టు వేయించుకున్నాడు. మా ఇళ్లలో వల మీద ఒట్టు తప్పేవాళ్లు లేరు.

“నీకొక్కదానికే చూపించానమ్మా. ఎవరికన్నా చెప్పావంటే ఇక ఇది నీది కాదు.”

“మరి దానికో?” అన్నాను.

“దానికి కొంగల్ని చూపించాలే.”

ఇక నా మిడిసిపాటు చూడాలి! ఆ వానాకాలం వల చిరిగి, మా నాన్న కర్ర పట్టుకుని, ఎక్కడన్నా చూశావా అని గద్దించినా నేను నోరు మెదపలేదు. నాదాన్ని నేనెందుకు ఇస్తాను?

తాతయ్య పోయాక, పెద్దకర్మ నాడు మనవలమంతా ఒకచోట కూర్చున్నాం. బందరుది ఏడుస్తూ బయటపెట్టింది. తాతయ్య బావురుపిల్లిని తనకొక్కదానికే చూపించాడట, నాకైతే కొంగల్నే చూపించానని దానితో అన్నాడట. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. అందరిచేతా అలాగే వల ముట్టించాడు. మా కుళ్లునే అడవికి కాపలా పెట్టాడు మహానుభావుడు. వాళ్లంతా ఏడుస్తూనే నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ చోటు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, నా మనవరాలికి కూడా. అందరికీ చూపించాడు, సరే. కూనలతో ఉండగా చూపించింది మాత్రం నాకొక్కదానికే అయ్యుంటుంది. వాళ్లనెవరినీ అడగలేదు, అడగను కూడా.