ఇంజన్ మార్చిన కారు

నరసరావుపేటలో సాంబశివరావు రోజూ కాఫీ కన్నా ముందు కారు బానెట్ ఎత్తేవాడు. తండ్రి నాటి అంబాసిడర్‌కి కొత్త ఇంజను, కొత్త గేర్‌బాక్సు పెట్టించినప్పటి నుంచీ అదే వరస. రేడియేటర్‌లో నీళ్ళు చూసి, గొట్టాన్ని వేళ్ళతో నొక్కి, గేర్లు వేసి తీసేవాడు. అయినా నకరికల్లు చేరేలోపే ఇంజను కాగిపోయేది. మూడో గేరు పడేది కాదు. ఆవిరి చల్లారేదాకా తువ్వాలుతో విసురుకుంటూ రోడ్డు పక్కన నిలబడేవాడు. చివరికి మెకానిక్ గోపీచంద్ లోపం పట్టుకున్నాడు. "ఫ్యాను వైర్లు తారుమారైనయ్ బాబాయ్, గాలిని లోపలికి లాగకుండా బయటికి తోస్తంది. గేరు రాడ్డేమో పొట్టిదైంది."

రెండూ సరిచేయించి, అక్క వెంకాయమ్మకు ఫోన్ చేసి పెదకూరపాడు బయల్దేరాడు. దారంతా ఇంజను కాగలేదు, గేర్లు వెన్నలా పడ్డాయి. చూపు పోయిన వెంకాయమ్మ ఇదివరకు కారు సందు మలుపు తిరగగానే శబ్దం ఆనవాలు పట్టి, గోడ తడుముకుంటూ గేటు దాకా వచ్చేది. ఇవాళ కారు వాకిట్లో ఆగినా వరండాలోంచి లేవలేదు.

"ఎవరయ్యా? ఎవరు కావాలి?"

"నేనే అక్కా."

"నువ్వా? నీ కారేది మరి? పొద్దుట్నుంచీ దాని చప్పుడు కోసమే వింటా కూర్చున్నా గదరా!"

పాత ఇంజన్ని ఇనప సామాన్లవాళ్ళు సమ్మెటలతో పగలగొడుతుంటే దగ్గరుండి చూసిన సాంబశివరావు వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు.