ఇసుకలోంచి రాని చీర మడత

1979 జూన్‌లో నన్ను జంషెడ్‌పూర్ కద్మాలోని ఒక హస్తకళల శిక్షణ కేంద్రంలో చెక్కడపు పని విభాగానికి సీనియర్ ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. నా కింద ఇన్‌స్ట్రక్టరు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. జులైలో అప్పారావు గారు ఆరు నెలల ట్రయల్ మీద అందులో చేరారు. ఆయనది శ్రీకాకుళం వైపు. ఒక చిన్న ఫౌండ్రీలో ఇరవై ఆరేళ్లు పేట్రన్ మేకరుగా చేశారు, అది మూతపడింది. పేట్రన్ అంటే పోత పోయవలసిన వస్తువుకు ముందుగా చెక్కతో చేసే నమూనా. దాని చుట్టూ ఇసుక గట్టిగా కూరి, నమూనాను పైకి లాగేస్తారు. మిగిలిన ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు.

ట్రయల్ ముగిసేలోగా అభ్యర్థి ఒక బొమ్మ చెక్కి కమిటీకి చూపాలి. కమిటీ ఒప్పుకుంటే పోస్టు ఖాయం, లేకపోతే ఇంటికి. యాభై రెండేళ్ల మనిషికి మళ్లీ పని దొరకడం కష్టమని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయన ఎంచుకున్నది తల మీద తట్టతో ఉన్న రేజా. కాంట్రాక్టు పనుల్లో మట్టి మోసే ఆడకూలీని అక్కడ అలా పిలుస్తారు. గుమ్మడి టేకు దుంగ, మూడడుగుల ఎత్తు. సెప్టెంబరు ఆఖరుకి ముఖం, చేతులు, తట్ట అల్లిక వంక పెట్టలేనట్టు వచ్చాయి. చీర మాత్రం షెడ్డు మీది రేకులా ఉంది. గట్టు, పల్లం, మళ్లీ గట్టు, పల్లం.

గుడ్డ ఎక్కడో ఒకచోట పట్టి ఉంటుంది. ఈ బొమ్మకు భుజం దగ్గర, నడుము దగ్గర, ముందుకు వేసిన మోకాలి దగ్గర. మడత అక్కడ పుట్టి, దూరం పోయేకొద్దీ వెడల్పై, చదునైపోతుంది. ఒక మడత ఇంకోదాని మీదికి వాలినచోట కింద సన్నటి చీకటి ఉంటుంది. ఆ చీకటి రావాలంటే ఉలిని ఏటవాలుగా మడత కిందికి పోనివ్వాలి. పాత నూలు చీరను గంజిలో ముంచి ఒక మొద్దు మీద ఆరబెట్టి చూపించాను. ఆయన గీతలన్నీ సరిగ్గా దించారు. కానీ ఒక్క మడత కిందికీ ఉలి పోలేదు. పైగా లోపలి మూలలన్నీ గుండ్రంగా, నున్నగా చేసేసేవారు.

ఒకరోజు ఆయన భార్య నరసమ్మ మాంగో పేటలోని ఇంటి నుంచి కేరేజీ తెచ్చి బొమ్మ చుట్టూ తిరిగింది.

"ఏటిది? ఇనప సామాన్లు సేసి సేసి దీనికీ ఇనప సీరే కట్టినావా? పాపం, ఈ పిల్ల కూకోవాలంటే వెల్డింగోడ్ని పిలవాల."

"ఊరుకోయే. కట్టడం ఏరు, సెక్కడం ఏరు," అన్నారాయన నవ్వుతూనే. కేరేజీలో సగం అన్నం అలాగే మిగిలింది.

మర్నాడు బొమ్మ కొలిచాను. మూడడుగుల మీద అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు ఎక్కువ ఉంది. అంత శుద్ధమైన పనివాడికి కొలత తప్పదు. ఆయన స్కేలు అడిగి తీసుకుని నా దానితో కలిపి పెట్టి చూశాను. అడుగుకు సరిగ్గా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ.

"కంట్రాక్షన్ స్కేలమ్మా. ఇనుం సల్లారితే కుదించుకుపోద్ది కదా, ముందే పెంచి సేత్తాం."

"ఈ బొమ్మను ఇనుములో పోయరు కదండీ. మడత కింద కోయకపోవడం కూడా ఇలాంటిదేనా?"

"కింద కోత్తే ఇసక పట్టేత్తాది కదమ్మా. పేట్రన్ లాగితే అచ్చు ఇరిగిపోద్ది..." అని ఆగిపోయారు. ఉలి బల్ల మీద పెట్టి బొమ్మను తేరిపార చూశారు. "ఓలమ్మా! ఇది ఇసకలోంచి బయటకి రానక్కర్లేదు కదా!"

ఇసుకలోంచి తేలిగ్గా రావాలంటే పేట్రన్‌కు ప్రతి పక్కా బయటికి వాలాలి, లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి. ఆయన చేసిన తప్పులన్నీ ఆ ఫౌండ్రీలో ఒప్పులే.

తెలిసినా చెయ్యి వెంటనే మాట వినలేదు. పనికిరాని చెక్కల మీద ఒక్కొక్క మడతే చెక్కించాను. మడత కిందికి పోస్టుకార్డు దోపితే పడిపోకుండా నిలవాలి. ఫౌండ్రీలో ఏదీ పట్టకూడదు, ఇక్కడ పట్టాలి. నవంబరులో ఆయన బొమ్మ చీర మళ్లీ చెక్కడం మొదలుపెడితే, నరసమ్మే తట్ట ఎత్తుకుని ఎదురుగా నిలబడింది. "ఏటి, ఇంకా నిలబడాలా? ఇటికలు కూడా ఎయ్యి, నీ సరదా తీరిపోద్ది," అంటూనే కదలకుండా నిలబడేది.

డిసెంబరులో కమిటీ వచ్చింది. ఛైర్మన్ సోనారిలో ఉండే రిటైర్డ్ ఇంజినీరు. బొమ్మ ఆయనకు బాగా నచ్చింది. దీన్ని ఇనుములో పోయించి గేటు దగ్గర పెడదాం, పోత వస్తుందా అని హిందీలో అడిగారు. అవునంటే పోస్టు అప్పటికప్పుడే ఖాయమయ్యేలా ఉంది. నేను అప్పారావు గారి వైపు చూడలేదు.

ఒక్క లాగుడుకి రాదనీ, విడి ముక్కలుగా చేయాలనీ, లేదా మడతలు పూడ్చాలనీ ఆయన చెప్పారు. "భర్ దేంగే తో సాడీ నహీ రహేగీ, సాబ్." పూడిస్తే అది చీర కాకుండా పోతుందని.

ఛైర్మన్ వంగి కొంగు మడత కింద వేలు పెట్టి చూశారు. గోరు లోపలికి పోయింది. ఇనుము మాట మళ్లీ ఎత్తకుండా సంతకం చేశారు. 1980 జనవరిలో ఆర్డరు వచ్చింది.

ఆ తర్వాత నేను పనిచేసిన పద్నాలుగేళ్లూ, కొత్తగా వచ్చినవారి చేతికి ఉలి ఇచ్చే ముందు ఇదివరకు ఏం పని చేశారో అడిగేదాన్ని. చెయ్యి తిరిగిన మనిషి ఒకే తప్పు పదేపదే చేస్తుంటే, అది ఏ పనిలో ఒప్పో ముందు కనుక్కోవాలి. దిద్దడం ఆ తర్వాతి పని.